ఆరు వందల మీటర్ల తీగ

మా సుభద్ర పిన్నికి ఎవరు ఫోన్ చేసినా ఆవిడ మొదటి మాట "మీకు కరెంటుందా?" అనే. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు అనేవి తర్వాత వస్తాయి. అవతలివాళ్లు విజయవాడలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా అదే ప్రశ్న. మా ఇంట్లో దాని మీద నవ్వుకునేవాళ్లం. మొన్న మార్చిలో ఆవిడ తనంతట తానే ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ మాట అడగలేదు.

"దీప్తీ, మోటారు మళ్లీ కాలిపోయిందే," అంది. "నువ్వు ఫిజిక్సు చదివావు కదా. ఒకసారి వచ్చి చూడు. కరెంటు దారిలో ఎక్కడో పోతోంది."

"నేను స్కూల్లో పాఠాలు చెప్పుకునేదాన్ని పిన్నీ. మోటార్ల సంగతి నాకేం తెలుసు?"

"మోటారు చూడ్డానికి రవితేజ ఉన్నాడు. వచ్చినప్పుడల్లా దాన్నే చూస్తాడు. తీగని చూసేవాడే లేడు."

నూజివీడు నుంచి చాట్రాయి వైపు వెళ్లే దారిలో పిన్నికి ఆరెకరాల మామిడి తోట ఉంది. అన్నదమ్ముల పంపకాల్లో చీల్చిన ముక్క కాబట్టి వెడల్పు లేదు, అంతా పొడవే. రోడ్డు దగ్గర మొదలై తూర్పు కంచె దాకా ఆరు వందల మీటర్లు పోతుంది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి రోడ్డు పక్కనే బావి, బావి పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. స్విచ్చి వేస్తే నీళ్లు పడేవి. కరెంటు దూరం నడిచి రావాలన్న ఆలోచన ఎవరికీ వచ్చే అవసరం లేదు.

ప్రభాకరరావు బాబాయి గుండెపోటుతో పోయాక తోట అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని మా అమ్మ అడిగింది. పిన్నికి పిల్లలు లేరు. "వచ్చి ఏం చెయ్యను, మీ ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడనా?" అంది. ఆ ఏడాదే తోట గుత్తకు తీసుకోవడానికి వచ్చిన వ్యాపారి, ఆడమనిషి కదా అని పూత పల్చగా ఉందని బుకాయించబోతే, అతన్ని ఎండలో ప్రతి చెట్టు కిందికీ తిప్పి, "ఇది పల్చనా? ఇది పల్చనా?" అని అడిగిందట. మూడో వరసకే అతను దణ్ణం పెట్టేశాడని చెప్పుకుంటారు.

తర్వాత ఒక వేసవి గాలివానకి పెద్ద చెట్లు సగం కూలాయి. మిగిలినవి కూడా చీడ పట్టినవే. అవి తీయించేసి, ఐదేళ్ల కిందట తోటంతా కొత్తగా చిన్నరసం, బంగినపల్లి అంట్లు నాటింది. మొదటి వేసవిలో బావి నీళ్లు మోటారుకి అందనంత దిగిపోతే, బిందెలతో తోడి మోసింది. రెండో వేసవికి బావి ఎండిపోయింది.

బోరుకి చోటు చూడ్డానికి పాల్ రాజు వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తోటంతా నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందని అందరి నమ్మకం. రోడ్డు వైపు కాయ కదల్లేదు. తూర్పు కంచె దగ్గర నిటారుగా లేచింది. బోరు అక్కడే వేశారు, నీళ్లు కూడా పడ్డాయి. ఆ రోజు బోరు బండి చుట్టూ చేరిన జనంలో ఒక్కరికి కూడా వెనక్కి తిరిగి, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరాన ఉందో చూడాలని తోచలేదు. ఇక్కడ బోరు వేసేటప్పుడు అందరూ కిందికే చూస్తారు.

వంద మీటర్ల చుట్టలు ఆరు తెచ్చి, చుట్టకీ చుట్టకీ అతుకు వేసి, సరుగుడు వాసాల మీద గట్టు వెంట తీగ లాగారు. మొదటి రెండేళ్లూ మోటారు ఎలాగో తిరిగింది. పక్క తోటల్లో మోటార్లు పెరిగేకొద్దీ మొరాయించడం మొదలెట్టింది. ఈ ఏడాది చెట్లకి మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు వచ్చింది. పిందె గోలీకాయంత అయ్యేసరికి మోటారు రెండుసార్లు కాలింది. ఆ వయసు చెట్లకి ఎండాకాలం నీళ్లు లేకపోతే పోయేది కాపు ఒక్కటే కాదు, చెట్టే ఎండిపోతుంది. పిన్ని భయం అదే. ఇంకోసారి నాటి, ఇంకో ఐదేళ్లు పెంచే ఓపిక తనకి లేదని ఫోన్లోనే చెప్పింది.

ఆదివారం మల్టీమీటరు పట్టుకుని, మా నాలుగేళ్ల యశస్వినిని వెంటబెట్టుకుని వెళ్లాను. పాపని ఇంట్లో వదిలే వీలు లేక తీసుకెళ్లానే కానీ, ఆ తీగని చూడగానే పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అతుకుల దగ్గర నల్ల టేపు ఎండకి పెళుసెక్కి ఊడుతోంది. ఒకచోట వాసం ఒరిగి తీగ మామిడి కొమ్మకి ఆనుకుని ఉంది.

"ముందు ఫ్యూజులు తీసెయ్యి పిన్నీ," అన్నాను.

పిన్ని కర్రతో స్విచ్చి దించి, మూడు ఫ్యూజులూ పీకి నా చేతిలో పెట్టింది. వాటిని నా సంచిలో పాప బిస్కెట్ల పక్కన వేసుకుని జిప్పు లాగాను. అవి నా దగ్గరుంటే తప్ప నాకు ధైర్యం లేదు.

మేము చెయ్యబోయేది తొమ్మిది, పది తరగతుల పిల్లలు బల్ల మీద చేసే ప్రయోగమే. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటుకి అది పెట్టే అడ్డు అదే లెక్కన పెరుగుతుంది. రెండింతల పొడవుకి రెండింతలు, మూడింతలకి మూడింతలు. బల్ల మీద మీటరు తీగతో చేస్తాం, ఇక్కడ ఆరు వందల మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు తీగల్లో రెండింటి కొసలు కలిపి మెలిపెట్టాను. ఇక ఒక్కో అతుకు దగ్గర టేపు విప్పి మీటరు పెట్టి చూస్తే, అక్కడిదాకా ఎంత అడ్డు ఉందో తెలుస్తుంది.

"ఏ అతుకైనా చెడిపోయి ఉంటే అక్కడ అంకె ఒక్కసారిగా గెంతుతుంది," అని పిన్నికి చెప్పాను. "ఆ అతుకు కోసి కొత్తగా వేస్తే సరిపోతుంది."

"అంతేనా?" అంది. ముఖం విప్పారింది. "నాకు తెలుసు ఎక్కడ గెంతుతుందో. మొదటి అతుకు. నారాయణరావు బావగారి షెడ్డు పక్కనే. పెద్ద మోటారు తెచ్చాడు కదా, మన తీగలోంచి లాగేస్తున్నాడు."

నారాయణరావుగారి తోట గట్టుకి అవతల. ఆయన బోరు ట్రాన్స్‌ఫార్మర్‌కి కూతవేటు దూరం. పిన్ని మోటారు మొదటిసారి కాలినప్పుడు ఆవిడ గట్టు మీద నిలబడి ఆయన్ని ఊరంతా వినేలా తిట్టిందట. ఇప్పుడు పాపని పిన్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక, కంటికి కనబడేలా నీడలో కూర్చోబెట్టడానికి మాకు ఆయన షెడ్డే దిక్కైంది. ఆయన నులకమంచం వాల్చి, పాపకి తాటిముంజెలు వలిచి పెట్టాడు.

మొదటి అతుకు. పిన్ని చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కి టేపు విప్పింది. మీటరు కొసలు రెండూ కలిపి చూసి, వాటి సొంత అడ్డు ఎంతో తీసేసి, తర్వాత తీగ మీద పెట్టాను. ఒక ఓమ్‌కి కాస్త తక్కువ.

"ఎంత?" అంది పైనుంచి.

"ఉండాల్సినంతే ఉంది."

"సరిగ్గా చూడు."

మళ్లీ చూశాను. అంతే. పిన్ని కొత్త టేపు చుట్టి దిగింది.

రెండో అతుకు దగ్గర దానికి రెట్టింపు. మూడో దాని దగ్గర మూడింతలు. పాపని చంకనెత్తుకుని నారాయణరావుగారు గట్టు వెంట మా వెనకే వచ్చాడు.

"ఏమ్మా సుభద్రా, కేసు ఎంతవరకొచ్చింది? నా వేలిముద్రలేమైనా దొరికాయా?"

"ఇంకా సగమే అయింది బావగారూ. తొందరెందుకు, చివర్న మీ పేరే వస్తుంది."

"వస్తే మంచిదే. ఈ వయసులో నాకు కరెంటు లాగేంత బలముందంటే మా ఆవిడ సంతోషిస్తుంది."

పిన్ని నిచ్చెన మీదే నవ్వింది. ఆ రోజు ఆవిడ నవ్వడం అదొక్కసారే.

నాలుగో అతుకు నాలుగింతలు. ఐదోది ఐదింతలు. ప్రతిసారీ నేను మనసులో గెంతు రావాలని కోరుకున్నాను. క్లాసులో అంకెలు ఇంత సాపుగా వస్తే పిల్లల్ని మెచ్చుకుంటాను. ఇక్కడ అవి అంత సాపుగా వస్తుంటే ప్రతి అంకెనీ రెండుసార్లు చూశాను. బోరు దగ్గర స్టార్టరు పెట్టె తెరిచి ఆఖరి కొసలు చూశాను. ఐదున్నర దాటింది. మొదటిదానికి ఆరింతలు.

"గెంతలేదా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ. అతుకులన్నీ బాగున్నాయి. తీగా బాగుంది. ఎవరూ లాగట్లేదు. పొడవే తినేస్తోంది. ప్రతి మీటరూ సమానంగా, కొంచెం కొంచెం."

"మరి రవితేజ టెస్టర్ పెట్టి చూసి ఫుల్ వోల్టేజి ఉందన్నాడుగా, ఇక్కడే, ఈ పెట్టె దగ్గరే."

"మోటారు ఆపి చూసుంటాడు. కరెంటు పారనంతసేపూ తీగ ఏమీ తినదు. మోటారు తిరగబోయినప్పుడే తింటుంది. అది లేచేటప్పుడు మరీ ఎక్కువ లాగుతుంది కదా, అప్పుడు ఇక్కడికి వచ్చేసరికి ఏమీ మిగలదు."

పిన్ని బోరు గట్టు మీద కూర్చుంది. ఆవిడకి అర్థమైందని నాకు తెలుసు; అర్థం కాకపోతే ఇంకా అడిగేది.

"అయితే బాగుచెయ్యడానికి ఏమీ లేదా?"

"చెడిపోయింది ఏదైనా ఉంటే కదా."

"చెడిపోయిందైతే బాగుచేసుకునేదాన్ని. చెడిపోనిదాన్ని ఏం చేసుకోనే?"

బోరు పక్కకే ట్రాన్స్‌ఫార్మర్ జరిపించుకోవడం ఒక్కటే అసలు దారి. కరెంటాఫీసులో దరఖాస్తు నిరుడే పెట్టింది. స్తంభాలు రావాలి, వరసలో ముందున్నవాళ్లవి అవ్వాలి. అవి వచ్చేలోపు ఈ ఎండాకాలం అయిపోతుంది. పక్కవాళ్ల నీళ్లు అడుగుదామంటే నారాయణరావుగారి బోరే ఆగి ఆగి పోస్తోంది.

"రెండో తీగ పక్కనే వేసుకుంటే అడ్డు సగమవుతుంది," అన్నాను. "ఒక దారి బదులు రెండు దారులు."

నారాయణరావుగారు పాపని దించి గొంతు సవరించుకున్నాడు. "మా పాత బోరు తీగ షెడ్డులో పడి ఉంది సుభద్రా. మూడు చుట్టల పొడవు ఉంటుందేమో. పట్టుకుపో."

పిన్ని ఆయన వంక చూడలేదు. "మిమ్మల్ని ఉత్తినే తిట్టాను," అంది.

"తిట్టు ఎక్కడికి పోతుంది, మళ్లీ ఎప్పుడో పనికొస్తుందిలే. తీగ పట్టుకెళ్లు."

ఉన్నది సగం దూరానికే. ఏ సగానికి వెయ్యాలని పిన్ని అడిగింది. ఏ సగమైనా ఒకటే, మొత్తం మీద అడ్డు పావు వంతు తగ్గుతుందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "నీళ్లు అవసరమైంది ఇటు. ఇటే వేస్తా," అని బోరు వైపు సగానికి వేయించింది. దానివల్ల నష్టం లేదు కాబట్టి నేనూ వాదించలేదు.

కాలిన మోటారుకి వైండింగ్ మళ్లీ చుట్టి పంపారు. వేసిన రోజు పొద్దున్నే పిన్ని నాకు వీడియో పంపింది. డ్రిప్పు గొట్టం కొసన నీటిచుక్క, వెనక మోటారు హోరు, దానిమీద పిన్ని గొంతు: "వింటున్నావా? మూలగట్లేదు. లేచింది." ఆ వీడియో మా పాప పదే పదే చూసింది. వారం తిరిగేసరికి ముడుచుకున్న ఆకు విచ్చుకుందని, రాలగా మిగిలిన పిందె నిలబడిందని పిన్ని చెప్పింది. నేను కూడా నమ్మాను. పావు వంతుతో గండం గడిచిందనుకున్నాను.

ఏప్రిల్ ముదిరింది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ప్రతి తోటలోనూ పగలంతా మోటార్లు తిరుగుతున్నాయి. అక్కడి వోల్టేజి తగ్గితే, మా తీగ తినే వాటా తిన్నాక బోరు దగ్గరికి వచ్చేది ఇంకా తగ్గుతుంది. తక్కువ వోల్టేజి మీద తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అలా వేడెక్కినప్పుడు ఆపెయ్యడానికే స్టార్టరులో రిలే ఉంటుంది. ఆ రిలే పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు కొట్టేసి మోటారుని ఆపడం మొదలెట్టింది. కొట్టేసినప్పుడల్లా పిన్ని ఎండలో ఆ చివరికి నడిచి, చల్లారేదాకా కూర్చుని, మళ్లీ వేసి వచ్చేది. ఇంటికి వచ్చేసరికి మళ్లీ ఆగిపోయేది.

ఈ చుట్టుపక్కల తోటల్లో అలాంటప్పుడు అందరూ ఒకటే పని చేస్తారు. రిలే మీద చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పై అంకెకి తిప్పేస్తారు. ఇక అది కొట్టేయదు. నీళ్లు ఆగవు. ఎవరి స్టార్టరు తెరిచి చూసినా ముల్లు చివరి అంకె మీదే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్నవాళ్లకి దానివల్ల ఏమీ కాలేదు. నారాయణరావుగారిదీ అలాగే తిరుగుతోంది. పిన్ని కూడా తిప్పింది.

రెండు రోజులు మోటారు ఒక్కసారి కూడా ఆగలేదట. ఆవిడ వాటిని మంచి రోజులని అనుకుంది. మూడో రోజు మధ్యాహ్నం స్టార్టరు పెట్టె నుంచి కమురు వాసన వచ్చింది.

నేను వెళ్లేసరికి మోటారు పైకి తీసి మామిడి చెట్టు కింద పడుకోబెట్టారు. రవితేజ దాన్ని కాలితో అటూ ఇటూ దొర్లించి, "ఇది ఇక చుట్టడానికి పనికిరాదండీ. లోపల ఇనప కోరు కూడా పోయింది," అన్నాడు.

"నేనే తిప్పాను," అంది పిన్ని. "అది ఆపమని చెబుతూనే ఉంది. నేనే దాని నోరు నొక్కాను."

"అందరూ తిప్పుతారు కదండీ."

"అందరి తీగా ఇంత పొడుగు లేదు కదయ్యా."

రవితేజ దగ్గర వాడిన చిన్న మోటారు ఒకటి ఉంది, పాతదానిలో సగం కూడా ఉండదు. చిన్న మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. లాగేది తగ్గితే తీగ తినేదీ తగ్గుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. ఈ తీగ మీద కాలకుండా తిరగగలిగింది అదొక్కటే. కానీ అంత లోతు నుంచి అది ఎంత నీరు తోడుతుందో కూడా లెక్క తేలింది. ఆ కాగితాన్ని పిన్నికి చూపించడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడే అడిగింది.

"ఎన్ని చెట్లకి సరిపోతుంది?"

"తోటంతటికీ పెడితే ఏదీ బతకదు పిన్నీ. రెండు ముక్కలకి పెడితే అవి బతుకుతాయి."

బోరు పడ్డప్పుడే పిన్ని తోటని డ్రిప్పు కోసం ఆరు ముక్కలు చేసి, ముక్కకో వాల్వు పెట్టించింది. పాప నా కొంగు పట్టుకుని నీళ్లు కావాలంటోంది. సీసా ఇచ్చాను. అది సగం తాగి సగం ఒలకబోస్తుంటే, ఎప్పుడూ లేనిది, కోప్పడ్డాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

చిన్న మోటారు దించారు. కష్టం లేకుండా లేచింది. గొట్టంలోంచి చిటికెనవేలంత ధార వచ్చింది. అది చూసి నారాయణరావుగారు గట్టు మీద నిలబడి, "ఏ రెండు ముక్కలు ఉంచుతావమ్మా? రోడ్డు వైపు చిన్నరసాలు ఉంచు. వాటికి కాపు బాగుంది. ఎంత ముద్దుగా పెంచావు," అన్నాడు.

"అక్కడిదాకా ఈ ధార వెళ్లదు బావగారూ. ఆరు వందల మీటర్ల గొట్టం. మళ్లీ అదే గొడవ."

"పోనీ మధ్యలో—"

"బోరు పక్కవే. ఈ చివరి రెండూ."

ఆ చివరి రెండు ముక్కల్లో ఉన్నవి బంగినపల్లి. అక్కడ నేల రాయి, కాపూ అంతంతమాత్రం. ఆవిడకి ఇష్టమైనవి, బిందెలు మోసి పెంచినవి అన్నీ రోడ్డు వైపే. పిన్ని రోడ్డు వైపు నుంచే మొదలుపెట్టి, ఒక్కో వాల్వు దగ్గర వంగి, రెండు చేతులతో తిప్పి మూసుకుంటూ వచ్చింది. నేను సాయం చేస్తానంటే వద్దంది. మూడోది తుప్పు పట్టి తిరగలేదు. రాయితో కొట్టింది. నాలుగోది మూసి, నడుము పట్టుకుని నిలబడి, అరచేతులు చీరకి తుడుచుకుంది.

"ఈ ఏడు వానలు ముందొస్తాయేమో పిన్నీ," అన్నాను. అందులో నాకే నమ్మకం లేదు. ఆవిడ నన్ను చూసి, చంటిపిల్లకి ఊకొట్టినట్టు ఊఁ అంది.

వానలు ముందు రాలేదు. మే రెండో వారానికి రోడ్డు వైపు చెట్లు కొసల నుంచి ఎండడం మొదలెట్టాయి. పిందె ఉన్నదున్నట్టు కొమ్మకే ముడుచుకుపోయింది. ఊరగాయకి కూడా పనికిరాదని వ్యాపారి చూసి వెళ్లిపోయాడు. చివరి రెండు ముక్కలూ పచ్చగానే ఉన్నాయి. స్తంభాల సంగతి కనుక్కోవడానికి పిన్ని కరెంటాఫీసుకి ఇంకా వెళుతూనే ఉంది కానీ, అవి వచ్చేనాటికి వాటి అవసరం ఉన్న చెట్లు ఉండవని ఆవిడకీ తెలుసు.

పచ్చగా ఉన్నవి తూర్పు చివర, ఇల్లు రోడ్డు పక్క. రోజూ పొద్దున మోటారు వెయ్యడానికి ఎండిపోతున్న నాలుగు ముక్కల మధ్య నుంచే నడవాలి. మొదట్లో అలాగే నడిచింది. పోయినవారం నేను వెళ్లినప్పుడు చూశాను, పిన్ని ఆ దారి మానేసింది. నారాయణరావుగారి తోటలోంచి, గట్టుకి అవతల పక్కగా చుట్టు తిరిగి బోరు దగ్గరికి వెళుతోంది. ఆయన తన కంచెకి ఉన్న తడిక తీసి పక్కన పెట్టేశాడు. ఎందుకని ఆవిడని అడగలేదు.